యాభయ్యో కుర్చీ

మేడిశెట్టి తాతారావు తన జన్మలో తీసింది ఒకే ఒక్క సినిమా. అది ఆడింది ఆరు రోజులు. ఈ మాట మనలో మనం అనుకోవచ్చు గాని ఆయన దగ్గర అనకూడదు. ఆయన లెక్కలో అది యాభై రోజులు ఆడింది. కావాలంటే చూసుకోండని యాభై రోజుల షీల్డు ముందుగదిలో గాజు బీరువాలో పెట్టాడు. ఆ షీల్డు ఆయనే రాజమండ్రి వెళ్లి చేయించుకున్నాడని చింతలగరువులో పిల్లా పెద్దా అందరికీ తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ ముక్క ఆయన మొహమ్మీద అనలేదు. ఊరన్నాక ఆ మాత్రం మర్యాద ఉండాలి.

సినిమా పేరు ‘పుట్టలో ప్రతిజ్ఞ’. పాముల కథ. షూటింగు మొదటి రోజునే పాములవాడు బుట్టతో సహా ఉడాయిస్తే, సైకిల్ షాపు సత్తిపండు పాత ట్యూబుకి నల్లరంగు పూసి, గాలి కొట్టి, సాక్షాత్తూ నాగరాజుని తయారుచేసి ఇచ్చాడు. రాజుల కాలం కథ నడుస్తూ ఉండగా మహారాజుగారి భుజం వెనకనించి ఎర్రబస్సు ఒకటి తాపీగా వెళ్తుంది. తపస్సులో ఉన్న మునీశ్వరుడి చేతికి గడియారం ఉంటుంది. గుహలో యువరాణి ఏడుస్తూ ఉంటే పైనించి మైకు దిగివచ్చి, ఆవిడ తలమీద కాసేపు ఆశీర్వదిస్తున్నట్టు ఆగి, మళ్లీ పైకి వెళ్లిపోతుంది. డబ్బింగు పెట్టుకునే స్తోమత లేక మాటలన్నీ అక్కడికక్కడే పట్టారు. రెండో టేకు తీసే ఫిల్ము లేక మొదటి టేకులన్నీ ఉంచేశారు.

అలాంటి సినిమాని వద్దనుకోవడం ఎవరి తరం? ఏటా సుబ్రహ్మణ్య షష్ఠినాడు ఉదయం ఆట లలితా టాకీసులో అదే వేసేవాడు తాతారావు. టాకీసు ఆయనదే. మిగతా రోజుల్లో అందులో కొబ్బరిపీచు బస్తాలు ఉంటాయి. షష్ఠి ముందురోజు బస్తాలు ఓ మూలకి నెట్టి, చెదలు తినగా మిగిలిన యాభై కుర్చీలు వేసేవారు. పుట్టలో పాలు పోసి, ఆ తడి చేతులతోనే జనం వచ్చి కూచునేవారు. నాగరాజు తెరమీదికి రాగానే సత్తిపండు పంపు పట్టుకుని లేచి, పాపం వాడికి నీరసం రాకుండా నాలుగుసార్లు గాలి కొట్టేవాడు. బస్సు రాగానే రిటైర్డు కండక్టరు మస్తాన్ వలీ “రైట్ రైట్!” అనేవాడు. ఆ రోజున ఆ బస్సులో నిజంగా ఉన్న కండక్టరు ఆయనే. మైకు దిగగానే హాలంతా లేచి దండం పెట్టేది. షూటింగులో ఆ మైకు పట్టుకున్న కరెంటు భద్రం ఓ కొబ్బరికాయ కొట్టేవాడు.

ఇవన్నీ నవ్వులాటలు. కాని తొమ్మిదో రీలు దగ్గర మాత్రం ఎవ్వరూ కిక్కురుమనేవారు కారు.

తొమ్మిదో రీల్లో దేవత ప్రత్యక్షమవుతుంది. దేవత వేషానికి మాట్లాడుకున్న అమ్మాయి రాకపోతే తాతారావు తన భార్య భ్రమరాంబని వంటింట్లోంచి లాక్కొచ్చి, పసుపు పూసి, ఓ చేతికి త్రిశూలం, ఓ చేతికి వేపమండ ఇచ్చి నిలబెట్టాడు. ఎదురుగా దుష్టమంత్రి. ఆ వేషం ఆవిడ సొంత తమ్ముడిది. “ఓరి పాపాత్ముడా, నీ వంశం...” అని ఆవిడ ఎత్తుకునే సరికి మంత్రిగారి మీసం సగం ఊడి, గడ్డమ్మీదికి వేలాడింది. ఆవిడ చూసింది. పెదవి బిగబట్టింది. మళ్లీ “నీ వంశం...” అంది. ఇహ ఆగలేదు, పకపకా నవ్వేసింది. వేపమండ నోటికి అడ్డం పెట్టుకుని, కెమెరా పక్కనున్న మొగుడివైపు చూసి “ఏవండీ, ఆపండీ!” అంది. ఆయన ఆపలేదు. నిమిషంన్నర పాటు దేవత నవ్వుతూనే ఉంది.

ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో ఉన్న ఫొటోల్లో అన్నిట్లోనూ ఓటరు కార్డు మొహమే. నవ్వు ఒక్క తొమ్మిదో రీల్లోనే ఉంది. షష్ఠి షష్ఠికీ వెనక వరసలో కూచుని ఆ నిమిషంన్నర చూసుకోడానికే తాతారావు ఏడాది పొడుగునా బతికేవాడు. ఇది కూడా ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ ఏడు షష్ఠి ఆట అయ్యాక ఫిల్ము డబ్బా మూత తీస్తే లోపలనించి పులిసిన గంజి వాసన కొట్టింది. తొమ్మిదో రీలు అంచులు అప్పడంలా వంకర తిరుగుతున్నాయి. గబగబా చల్లటి గదిలో పెట్టించకపోతే రెండు మూడేళ్లకి మించి ఉండదని తెలిసినవాళ్లు చెప్పారు. తాతారావుకి అన్నం సయించలేదు.

అప్పటికే పట్నంలో ఓ జాడ్యం మొదలై ఉంది. ఎవరూ చూడని పాత సినిమాలని వెతికి పట్టుకుని ‘కల్ట్’ అనడం. అది ముదిరి, ఇంకా కొబ్బరికాయ కొట్టని సినిమాకి కూడా కల్ట్ అని పోస్టరు వేయడం దాకా వచ్చింది. ఏది కల్టో ఏది కాదో తెలియక ప్రజలు తప్పుదారి పడుతున్నారని ప్రభుత్వం వారు గ్రహించి, ‘రాష్ట్ర అపురూప చలనచిత్ర పరిరక్షణ మండలి’ అని ఒకటి వేశారు. మండలి మూడు నెలలు మథనపడి నిర్వచనం ఇచ్చింది. ఎక్కువమంది చూసింది జనాదరణ చిత్రం, తక్కువమంది చూసింది కల్ట్ చిత్రం, ఎంత తక్కువమంది చూస్తే అంత గొప్ప కల్ట్. ఇందులో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే ఎవరూ చూపించలేకపోయారు.

మాఘమాసంలో ఓ ఉదయం మండలి సంయుక్త సంచాలకులు ఉపద్రష్ట లక్ష్మీనృసింహం గారు జీపులో చింతలగరువు దిగారు. సన్నగా, పొడుగ్గా, చంకలో రిజిస్టరుతో ఉన్నారు. తాతారావుకి నమస్కారం పెట్టి, కుర్చీలో కూచోకుండానే అందుకున్నారు.

“తమరి చిత్రమును ఎవరును చూడలేదన్న విషయం మండలి దృష్టికి వచ్చినది. హృదయపూర్వక అభినందనలు.”

తాతారావుకి తల తిరిగింది. “చూడకపోడవేంటండీ బాబూ! యాభై రోజులండి! అదిగో షీల్డు.”

లక్ష్మీనృసింహం గారు బీరువా దగ్గరికి వెళ్లి, దొంగసొత్తు చూసినట్టు షీల్డు చూశారు. “ఇది తమకు మిక్కిలి ప్రతికూలమైన సాక్ష్యం. దీనిని తమరు లిఖితపూర్వకంగా ఖండించనిదే చిత్రాన్ని శీతల భాండాగారంలోకి తీసుకొనుటకు వీలుపడదు.”

“శీతల... అంటే చల్లగా ఉంటదాండీ?”

“అహర్నిశలు చల్లగా ఉండును. అందుంచిన ఫిల్ము వెయ్యి సంవత్సరములు చెక్కుచెదరదు.”

తాతారావు షీల్డువంక చూశాడు. లోపల గదిలో దండ వేసిన ఫొటోవంక చూశాడు. సత్తిపండు, మస్తాన్ వలీ గుమ్మంలోనే ఉన్నారు.

“అది నేనే చేయించుకున్నానండి,” అన్నాడు తల వంచుకుని. “సినిమా ఆరు రోజులే ఆడిందండి.”

మస్తాన్ వలీ మొహం పక్కకి తిప్పుకుని వీధిలోకి చూశాడు. సత్తిపండు అప్పుడే కొత్తగా తెలిసినట్టు “అలాగా అన్నయ్యా?” అన్నాడు. మంచివాడు.

అంతటితో అయిపోలేదు. తహసీల్దారు దగ్గరనించి ‘అనాదరణ ధ్రువపత్రం’ తేవాలి. అంటే ఈ సినిమాని ఎవరూ ఆదరించలేదనీ, యాభైమందికి మించి చూడలేదనీ ఊరు ఊరంతా వచ్చి ప్రమాణం చెయ్యాలి. యాభై దాటకపోతే ‘పరమ అపురూపం’ అనే శ్రేణి ఇస్తారు. ఆ శ్రేణి చిత్రాలకే చల్లగది. తాతారావు కోసం ఊరు కదిలింది. భ్రమరాంబ చేతి పులిహోర తిన్న ఊరు మరి! మండలాఫీసు ముందు పొద్దున్నే బారులు తీరి, ఒక్కొక్కళ్లూ లోపలికి వెళ్లి, చూడలేదని ఒట్టు పెట్టి వస్తున్నారు.

సత్తిపండు వంతు వచ్చింది. తహసీల్దారు మేడం గారు అడిగారు. “మీరు ‘పుట్టలో ప్రతిజ్ఞ’ చూశారా?”

“సూళ్లేదండి. అసలా పేరే ఇన్లేదండి, దేవుడి తోడు.”

పక్కనున్న లక్ష్మీనృసింహం గారు కాగితంలోకి చూసి, ఉన్నట్టుండి “నాగరాజా! పుట్ట నీది...” అని చదివారు.

“పగ నాది!” అన్నాడు సత్తిపండు, గుండెమీద చెయ్యి వేసుకుని.

ఆ తరవాత నాలిక్కరుచుకున్నాడు గాని అప్పటికే రిజిస్టర్లో పడిపోయాడు. ఆ రోజు సాయంత్రానికి అలా నోరు ఊరుకోనివాళ్లు నలభైతొమ్మిది మంది తేలారు. పళ్ల బిగువున నోరు మూసుకున్న రెండు వేల చిల్లర జనం చూడనివారి కింద జమ అయ్యారు. తాతారావుతో కలిపి సరిగ్గా యాభై. మేడం గారు ధ్రువపత్రం మీద సంతకం పెడుతూ, పెదవుల్లోనే ‘పగ నాది’ అనుకున్నారు. ఆవిడ అమ్మమ్మగారిది చింతలగరువే. గుమస్తా విన్నాడు గాని, ఉద్యోగస్తుడు కాబట్టి విననట్టు ఊరుకున్నాడు.

పద్నాలుగు రేకు డబ్బాలూ వ్యాను ఎక్కాయి. తొమ్మిదో డబ్బాని తాతారావు తనే మోసుకొచ్చి, తువ్వాలు చుట్టి మరీ పెట్టాడు. “షష్ఠికి పంపుతారు గదండీ?” అన్నాడు.

“నిరభ్యంతరంగా దరఖాస్తు చేసుకొనవచ్చును,” అన్నారు లక్ష్మీనృసింహం గారు. సర్కారు భాషలో ఈ మాటకి అర్థం ఏమిటో మీకూ నాకూ తెలుసు. తాతారావుకి తెలీదు, పాపం. మురిసిపోయాడు.

పెట్టిన దరఖాస్తుకి కార్తీకంలో జవాబు వచ్చింది. సదరు చిత్రమునకు ప్రేక్షక పరిమితి యాభై. ఆ యాభైమందియు ఇదివరకే చూసియున్నారు. చూసినవారే మరల చూచిన యెడల ఒక్కొక్కరు ఇద్దరుగా పరిగణింపబడుదురు. కావున ప్రదర్శనకు అనుమతించినచో చిత్రము శ్రేణి కోల్పోవును, చల్లగది నుండి తొలగింపబడును. మండలి సభ్యులు పదకొండుగురును ఈ నియమమునకు తలయొగ్గి, చిత్రమును చూడకుండగనే దానిని ఏకగ్రీవముగా సర్వోత్తమమని తీర్మానించిరని తెలియజేయుటకు సంతసించుచున్నాము.

ఆ షష్ఠికి కుర్చీలు వెయ్యలేదు. తాతారావు పుట్టలో పాలు పోసి, టాకీసు గుమ్మంలో కాసేపు నిలబడి, పీచు బస్తాలని చూసి ఇంటికి వచ్చేశాడు. పండగ పూట పిండివంట ముట్టలేదు.

సంక్రాంతి వెళ్లాక కరెంటు భద్రం గుండెపోటుతో పోయాడు. పదకొండో రోజున మండలి నుంచి ఉత్తరం వచ్చింది. తమ ప్రేక్షకులలో ఒకరు మరణించినట్లు తెలిసి మండలి మిక్కిలి హర్షించినది, ప్రేక్షకుల సంఖ్య నలభైతొమ్మిదికి తగ్గుట వలన చిత్రము యొక్క అపురూపత గణనీయముగా పెరిగినది, ఇదే కృషిని ఇకముందును కొనసాగించగలరు అని ఉంది. భద్రం ఖాళీలో తనని చూడనివ్వమని తాతారావు రాశాడు. ఖాళీలు భర్తీ చేయబడవని వెంటనే జవాబు వచ్చింది. దేశంలో ఏ ఖాళీ భర్తీ అయింది గనక!

అయితే ఆ జవాబు అడుగున ఓ చిన్న వెసులుబాటు ఉంది. సినిమాని పూర్తిగా మరిచిపోయినవాడు ప్రేక్షకుడు కాడు. ‘మరపు పరీక్ష’లో నెగ్గితే వాడి పేరు కొట్టేస్తారు. కొట్టేశాక తన ఖాళీలో తానే కొత్త ప్రేక్షకుడిగా చేరి, ఒక్కసారి చూడవచ్చు.

“ఇదేదో బాగానే ఉందే!” అన్నాడు తాతారావు. మర్నాటినించి అరుగుమీద మరపు సాధన మొదలైంది. మస్తాన్ వలీ మేష్టారు.

“గురువుగారూ, రాజుగారి వెనకమాల ఎళ్లిందేంటండి?”

“ఎర్రబస్సు.”

“మర్చిపోవాలండీ బాబూ! మళ్లీ చెప్పండి. ఏంటెళ్లింది?”

“ఎడ్లబండి.”

“ఆయ్, అదీ! నాగరాజు దేంతో చేశారండి?”

“నాకేం తెల్సురా, దేవుడు చేశాడు.”

“భేష్ అన్నయ్యా!” అన్నాడు పక్కనే ఉన్న సత్తిపండు. కాని తన ట్యూబు పేరు పోయినందుకు వాడికి లోపల్లోపల కాస్త కష్టంగానే ఉంది.

వైశాఖంలో రాజధానిలో పరీక్ష. పొడుగాటి బల్ల, నాలుగు ఫ్యాన్లు. బల్లవెనక లక్ష్మీనృసింహం గారొక్కరే ఉన్నారు, రిజిస్టరూ కలమూ పట్టుకుని. తాతారావు ఇస్త్రీ పంచె కట్టుకుని, పెళ్లిచూపులకొచ్చిన వాడిలా కుర్చీ అంచున కూచున్నాడు.

“నాగరాజు పాత్ర దేనితో నిర్మితము?”

“గుర్తు లేదండి.”

“మునీశ్వరుని హస్తమున నున్న ఆభరణమేది?”

“తెలీదండి. రుద్రాక్షలేమోనండి.”

లక్ష్మీనృసింహం గారు తల పంకించారు. పందొమ్మిది ప్రశ్నలు అలా గడిచాయి. తాతారావు తన సినిమాని ఒక్కో రీలే చేత్తో చించి పారేసినట్టు, ఒక్కొక్కటే తెలీదు తెలీదు అంటూ వచ్చాడు.

“ఇరువదవ ప్రశ్న. దేవత పాత్రధారిణి ఎవరు?”

ఈ ప్రశ్న వస్తుందని మస్తాన్ వలీ ముందే చెప్పాడు. జవాబు కూడా వందసార్లు చెప్పించాడు. అయినా సరే తాతారావు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. ముప్పయ్యేళ్లు తనకి అన్నం వడ్డించిన మనిషి.

“ఎవరోనండి,” అన్నాడు చివరికి. “తెలీదండి నాకు.” అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఈ మాట ఆవిడ వింటే ఏమనుకుంటుందో అని భయం వేసింది.

“ఉత్తమం. తుది ప్రశ్న. మండలి ఆమోదించిన కథాసారాంశం నుండి చదువుచున్నాను. దుష్టమంత్రిని శపించు సమయమున దేవత కన్నీరు మున్నీరుగా విలపించెను. అవునా, కాదా?”

“ఏంటండీ?”

“దేవత విలపించెను. అవునా, కాదా?”

“ఏడవడవేంటండీ!” తాతారావు కుర్చీలోంచి లేచిపోయాడు. “ఎవడండీ రాసింది ఆ సారాంశం? ఏడవలేదండి, నవ్విందండి! మా బావమరిది మీసం ఊడిపోతే ఇరగబడి నవ్విందండి! ముందు బిగబట్టుకుందండి, రెండోసారి ‘నీ వంశం’ అంటానికి నోరు తెరిచిందండి, ఇంక ఆగలేదండి! ఏపమండ ఇలా అడ్డం పెట్టుకుని, ‘ఏవండీ, ఆపండీ’ అందండి. నన్నేనండి! నేను ఆపలేదండి. ఆ మనిషి అంతలా నవ్వడం నేను మళ్లీ చూళ్లేదండి. నా ఇంట్లో నవ్వడానికి తీరికెక్కడుందండి ఆవిడికి? ఆవిణ్ణి ఏడిపిస్తారేంటండీ మీరు!”

లక్ష్మీనృసింహం గారి కలం కాగితమ్మీదే ఆగిపోయింది. ఫ్యాను గాలికి రిజిస్టరు పేజీలు రెండు తిరిగాయి.

“తమరికి చిత్రం సంపూర్ణంగా జ్ఞాపకమున్నది,” అన్నారు ఆయన. “అనుత్తీర్ణులు.”

“పోతే పోయిందండి. అదొక్కటి దిద్దండి. నవ్వింది అని రాయండి.”

“సారాంశమును దిద్దవలెనన్న చిత్రం చూచినవారు కావలెను. మండలిలో చూచినవారెవరును లేరు.”

“నేను చూశాను గదండీ!”

“తమరికి ఇందు స్వప్రయోజనం కలదు. తమ మాట చెల్లదు.” ఆయన ఈ మాట అనేటప్పుడు తాతారావు మొహంలోకి చూడలేదు.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి నాకే మనసు రావడం లేదు. శ్రావణంలో చల్లగది కాపలాదారు, పద్నాలుగు డబ్బాల్లోంచీ ఘాటుగా వాసన వస్తోంది, మూతలు తీసి చూడమంటారా అని రాశాడు. ఫైలు కదిలింది. మూత తీస్తే ఫిల్ము కంటపడుతుంది. కంటపడితే చూసినట్టు. చూస్తే ఓ ప్రేక్షకుడు పెరుగుతాడు. కళ్లకి గంతలు కట్టుకుని మూత తీయవచ్చునా అని ఒకరు రాశారు. గంతలు కట్టుకున్నవాడు చూసి ఏమి నివేదించగలడని ఇంకొకరు రాశారు. చివరికి చిత్రం యొక్క అపురూపత దృష్ట్యా మూత తీయరాదని ఉత్తర్వు వచ్చేసరికి, డబ్బాల అంచులనించి నల్లటి పాకంలా ఏదో కారి గచ్చుమీద గడ్డకట్టింది.

షష్ఠి ఇంకా రెండు రోజులుందనగా తాతారావుకి ఉత్తరం వచ్చింది. ‘పుట్టలో ప్రతిజ్ఞ’ ఇకపై ఎవ్వరును చూడజాలని స్థితికి చేరుకొన్నందున, దానికి ‘పరిపూర్ణ అపురూపం’ అను సర్వోన్నత శ్రేణి ప్రదానం చేయడమైనది. రాష్ట్రములో మరే చిత్రమునకును దక్కని ఘనత. శాలువ పంపబడును.

తాతారావు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, అరుగుమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. “నా చేతుల్తో నేనే ఎక్కించానురా వ్యానులో! తువ్వాలు చుట్టి మరీ ఎక్కించాను!”

సత్తిపండు వచ్చి పక్కన కూచున్నాడు. “అన్నయ్యా, ఎల్లుండి షష్ఠి. కుర్చీలు ఎయ్యనా?” అన్నాడు.

“ఏం చూపిస్తాంరా, నా మొహం!”

“చూపిచ్చేదేంటన్నయ్యా? అందులో మనకి రాని ముక్కేదన్నా ఉందా?”

షష్ఠినాడు ఉదయం బస్తాలు మూలకి వెళ్లాయి. యాభై కుర్చీలు వేశారు. ఎదురుగా తెల్లగుడ్డ కట్టారు, ఉతికి గంజి పెట్టిన గుడ్డ. నలభైతొమ్మిది మంది వచ్చి కూచున్నారు. భద్రం కుర్చీలో ఆయన తువ్వాలు, ఓ కొబ్బరికాయ పెట్టారు. సరిగ్గా ఆ వేళకే లక్ష్మీనృసింహం గారు ఓ చంకలో శాలువ, ఓ చంకలో రిజిస్టరు పెట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

“ఇచట అనధికార ప్రదర్శన జరుగుచున్నదా?”

“చూస్కోండి సార్,” అన్నాడు మస్తాన్ వలీ.

ఆయన మేడెక్కి ప్రొజెక్టరు గది చూశారు. సాలెగూళ్లు తప్ప ఏమీ లేవు. కిందికి వచ్చి తెల్లగుడ్డని ముందునించీ వెనకనించీ చూశారు. నిలబడి ఆలోచించారు. “బొమ్మ లేదు. బొమ్మ లేనిది ప్రదర్శన కాదు. ప్రదర్శన కానిదానికి ప్రేక్షకులుండరు. కావున నేను కూర్చొనుటకు నియమాలు అడ్డురావు,” అని పైకే అనుకుని, ఉన్న ఒకే ఒక్క ఖాళీ కుర్చీలో తువ్వాలూ కాయా తీసి ఒళ్లో పెట్టుకుని కూచున్నారు.

ఆట మొదలైంది. పేర్లు కూడా వదల్లేదు. అందరూ కలిసి పేర్లు చదివారు. నాగరాజు రాగానే సత్తిపండు లేచి గాలి కొట్టాడు. మహారాజు మాట ఒకాయన అన్నాడు, మునీశ్వరుడి మాట ఒకావిడ అంది. “రైట్ రైట్!” అన్నాడు మస్తాన్ వలీ, బస్సు గుడ్డమీద ఎడమనించి కుడికి వెళ్లింది. నలభైతొమ్మిది తలలూ దానితోపాటు తిరిగాయి. లక్ష్మీనృసింహం గారి తల ఓ క్షణం ఆలస్యంగా తిరిగింది. మైకు దిగింది. హాలంతా లేచి దండం పెట్టి, ఆయనవైపు చూసింది.

“కాయ కొట్టాలండి. భద్రంగారి కుర్చీలో కూచున్నారు గదండీ మరి!” అంది పక్కావిడ. ఆయన బిక్కమొహం వేసి, ఒళ్లోని కాయ తీసి గచ్చుకేసి కొట్టారు. ఒక్క దెబ్బకే పగిలింది. హాల్లో అందరూ బాగుందన్నారు.

తొమ్మిదో రీలు వచ్చింది. దుష్టమంత్రి మాటలు సత్తిపండు అన్నాడు, అని కూచున్నాడు. దేవత రావాలి. సినిమాలో అందరి మాటలూ ఎవరో ఒకరు పంచుకున్నారు గాని ఆవిడ మాట మాత్రం ఏ ఒక్కరూ తీసుకోలేదు. ఎవరూ చెప్పుకోకుండానే అలా జరిగింది. అందరూ గుడ్డవంకే చూస్తున్నారు. మీసం ఊడాల్సిన క్షణం ఎక్కడో ప్రతివాళ్లకీ తెలుసు. అది వచ్చింది. రెండో ‘నీ వంశం’ వచ్చింది. వేపమండ నోటికి అడ్డం వచ్చింది.

వెనక వరసలోంచి తాతారావు గొంతు వినిపించింది. “ఆపనే. నువ్వు నవ్వుకో.”

అంతే, హాలంతా ఒక్కసారిగా నవ్వింది. కళ్లనీళ్లు కారుతూ నవ్వింది. నిమిషంన్నర నవ్వింది, ఒక్క సెకను ఎక్కువ కాదు, తక్కువ కాదు. తాతారావు నవ్వలేదు. కళ్లార్పకుండా గుడ్డవంక చూస్తూ కూచున్నాడు. ఆయన మొహం చూస్తే అక్కడ బొమ్మ లేదని ఎవరూ అనలేరు.

ఆట అయ్యాక లక్ష్మీనృసింహం గారు శాలువ కప్పడం మరిచిపోయి, రిజిస్టరు తెరిచి చాలాసేపు చూస్తూ ఉన్నారు. కలం తీశారు. కథాసారాంశం ఉన్న పేజీలో ‘విలపించెను’ అన్నచోట గీత కొట్టారు. తరవాత తాతారావు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

“ఆవిడ నవ్వినప్పుడు వేపమండ ఏ చేతిలో ఉందండీ? కుడి చేతిలోనే కదూ?”

“ఎడం చెయ్యండి. కుడి చేతిలో త్రిశూలం.”

“ఔను, ఔను. త్రిశూలం అడ్డువచ్చి నాకు సరిగా కనిపించలేదు,” అన్నారు లక్ష్మీనృసింహం గారు. అని, ప్రేక్షకుల సంఖ్య దగ్గర నలభైతొమ్మిది కొట్టేసి, యాభై అని రాసి, కింద తన పేరు రాసుకున్నారు.